ఒక్క పోతల చెప్పు

మొన్న బుధారం పొద్దుగాల షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. తెలువని నంబరు, ఆడపిల్ల గొంతు. "అంకుల్, మీ సామాను కొంత మా ఇంట్ల ఉండిపోయింది. వచ్చి తీస్కపోతరా?"

నా సామాను ఊరోళ్ల ఇండ్లల్ల ఉండుడు కొత్త కాదు. నస్పూర్‌ల నీళ్ల ఫిల్టర్లు అమ్మి, బిగించి, చెడిపోతే బాగుచేసే మనిషిని. పానాలు మరిచిన, స్క్రూడ్రైవర్లు మరిచిన. ఒక ఇంట్ల భోజనం పెడితే తిని, నా చెప్పులు అక్కడిడిచి ఆ ఇంటాయన చెప్పులేసుకొని వచ్చిన. అందుకే ధైర్యంగ అడిగిన, ఏం సామానమ్మా అని.

"క్యాండిళ్లు. పదిహేడున్నయ్. వాటిల సీసం ఉంటది, చెత్తబండిల ఎయ్యద్దు, ఫిల్టరాయన్నే పిలిచి అప్పజెప్పుండ్రి అని తాత చెప్పి పోయిండు."

పోయిండు అన్న మాటను ఆ పిల్ల ఎట్లన్నదో, ఎక్కడికి అని అడిగే పని పడలే. పదమూడు దినాలైందట. షట్టరు సగం మీద వదిలి కింద మెట్టు మీద కూసున్న.

మా బేరంల క్యాండిల్ అంటే వెలిగేది కాదు. ఫిల్టరు డబ్బల నిలబెట్టే తెల్లటి దారపు గొట్టం. నీళ్లు దాని గుండ పోతుంటే మన్ను, నాచు, తుప్పు దానికి పడ్తయ్. కొత్తల పెండ్లికొడుకు ధోతి లెక్క ఉంటది, ఏడాది తిరిగేసరికి చాయ్ వడగట్టే బట్ట అయితది. అప్పుడు తీసేసి కొత్తది పెట్టాలె. సీసాన్ని పట్టే గుణం దానికి లేదు. నీళ్లల్ల కరిగిన సీసం దాని నడుమ నుంచి, టికెట్ ఉన్న ప్రయాణికుని లెక్క, దర్జాగ అవతలికి పోతది. ఈ ముచ్చట నాకు పద్నాలుగేండ్ల సంది తెలుసు. ఆ ముసలాయనకు చెప్పలే.

ఆయన పేరు రాయడానికి నాకు మొఖం లేదు. మా దిక్కు అందరు ఫిట్టర్ కాక అనేటోళ్లు, నేను గూడ అదే అంట. బొగ్గుబాయి కాలనీలకు నీళ్ల పైపులేసే పని. బాయిల దిగినోళ్లు నల్లగ బయటికొస్తే, ఈయన పైపు గుంతల నుంచి ఎర్రటి బురదతోని వచ్చేటోడు. ఇద్దరికీ ఒకటే సబ్బు, ఒకటే నల్లా. "మీరు భూమి కడుపు కోస్తరు, నేను కుట్లేస్త" అని బాయిల పనిజేసేటోళ్లను ఎక్కిరించేటోడట.

నేను ఎరిగేనాటికే రిటైరయిండు. కుడిచెయ్యి మణికట్టు కాడ కిందికి వాలి ఉండేది, తెంపి పెట్టిన పొట్లతీగ లెక్క. గ్లాసును రెండు చేతులతోని పట్టుకొని తాగేటోడు. కొత్తగ చూసినోళ్లు ఎంత మర్యాదస్తుడో అనుకునేది. అది మర్యాద కాదు. పాత ఇనుప పైపుల అతుకులకు ఆ కాలంల సీసం కరగబోసేది. ముప్పయేండ్లు ఆ పొగల నిలబడ్డ చెయ్యి అది. డాక్టరు సీసం వల్లనే కావచ్చన్నడట. కాక మాత్రం కావచ్చు అనేటోడు కాదు. "నేను సీసం తిన్న, సీసం నా చెయ్యి తిన్నది. ఇద్దరికీ బాకీ లేదు" అనేటోడు.

ఆ పోత ఎట్ల పోసేదో ఆయన చెప్తుంటే వినాలె. రెండు పైపులను ఒకదాంట్ల ఒకటి దోపి, సందుల జనపనార కూరి, చుట్టూ మట్టి తోని కట్టగట్టి, పైన ఒక్క నోరు ఇడుస్తరు. ఇనుప గరిటెల సీసం అద్దం లెక్క మెరిసేదాక కరగబెడ్తరు. ఇగ పోసుడే. మధ్యల ఆగద్దు. దమ్ము తీసుకోవద్దు. ఆగితే ముందు పడ్డది గట్టిపడి, తర్వాత పడ్డది దాంతోని కలువది, ఆ అతుకు ఎప్పటికన్న కార్తది. "ఒక్క పోత" అనేటోడు, వాలిన చెయ్యిని గాలిల తిప్పుకుంట. ఆ మాట పైపుల కాడ ఆగలే, అన్నింటికీ వాడేటోడు. కోడలు కూరల ఉప్పు తక్కువైందని చెప్పడానికి తటపటాయిస్తే ఒక్క పోతల చెప్పు అనేటోడు. దుబాయిల ఉన్న కొడుకు ఫోన్ల నసిగితే, "నీ బిల్లు కాలిపోతుంది, ఒక్క పోతల చెప్పు" అనేటోడు.

ఇంకొక అలవాటు. ఎవరింటికి పోయినా మనుషుల కన్న ముందు నల్లాను పలకరించేటోడు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి అంగీ జేబుల ఉండేది. దాని మొన పైపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కండ్లు మూసుకొని ఇనేటోడు. డాక్టరు ఛాతి మీద పెట్టినట్టు. నీళ్లు సక్కగ పోతుంటే పైపు పాట పాడుతదట, కారుతుంటే గునుగుతదట. "పైపు అబద్దమాడది బిడ్డా. తప్పుంటే కార్తది. మనిషే, కారకుంట దాస్తడు." ఇది నా షాపుల కూసోని, నా చాయ్ తాగుకుంట, నా మొఖం జూసి అన్న మాట. నేను నవ్విన. చెవుల సీసం పోస్తే వినపడదంటరు. నాకు పోయకముందే వినపడలే.

ఆయన మొదటిసారి షాపుకు వచ్చిన దినం బాగ యాదికున్నది. వెంట ఐదేండ్ల మనుమరాలు. వాలిన చెయ్యి వేలు పట్టుకొని ఉండె. ఎవరు ఎవరిని పట్టుకున్నరో చెప్పుడు కష్టం. నేను నా ఖేల్ షురూ జేసిన. జగ్గుల గోదావరి ఒండ్రు కలిపి, ఆ ఎర్రనీళ్లను మిషన్ల పోసి, అవతల గ్లాసుల తేటగ పడుతుంటే దండోరా ఏసిన. పిల్ల చప్పట్లు కొట్టింది. కాక కొట్టలే.

"మన్ను కంటికి కనపడ్తది బిడ్డా. కనపడ్డదాన్ని తీసుడు పెద్ద పనా? కనపడనిది తీస్తదా?"

కనపడని పురుగులను లోపలి లైటు చంపుతది కాకా అన్న. ఆయన తల అడ్డంగ ఊపి, అసలు సంగతి చెప్పిండు. ఇల్లు కట్టుకున్నప్పుడు పైపుపని సొంతంగ చేసుకున్నడు. బయటి నుంచి వచ్చే పైపు వంటింటి గోడ కింద మలుపు తిరిగే కాడ సీసం గొట్టంతోని వంపు పెట్టిండు. ఇనుము వంగది, సీసం చేతుల మైనం లెక్క వంగుతది, వందేండ్లయినా కారది. అప్పుడు అది పనితనం అనుకున్నడు. తన చెయ్యి వాలినంక అర్థమైంది, ఆ వంపుల రాత్రంత నిలిచిన నీళ్లు పొద్దున పిల్ల గ్లాసులకొస్తున్నయని. పెద్దోళ్ల కన్న చిన్న పిల్లలకు అది ఎక్కువ చెరుపు చేస్తదని, మెదడు ఎదగకుంట చేస్తదని డాక్టరే చెప్పిండట. అప్పటి సంది పొద్దుగాల నల్లా తిప్పంగనే మొదటి బకెట్ ఎవ్వరినీ ముట్టనియ్యడు. దాన్ని తీస్కపోయి వాకిట్ల గన్నేరు చెట్టుకు పోస్తడు. కూరగాయ మొక్కకు పొయ్యడు. "గన్నేరు ఎట్లాగూ విషమే. దానికి పుట్టింటి సారె పంపినట్టు" అన్నడు.

తర్వాత నా కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగిండు. "సోమవారం మేస్త్రి వస్త అన్నడు. వంటింట్ల బండలు పలగ్గొట్టి ఆ వంపు తీపిస్త. నీ మిషన్ సీసాన్ని ఆపుతదంటే మేస్త్రిని వద్దంట. ఆపదంటే బండలు తీపిస్త. నాకు మిషన్ కొనుడు ముఖ్యం కాదు, ఈ పిల్ల ముఖ్యం. ఆపుతదా?"

కంపెనీవాళ్లు ఇచ్చిన చిన్న పుస్తకం నా డ్రాయర్ల ఉన్నది. దాన్ని కాచి వడబోసిన అని గొప్ప ఉండేది నాకు. దాంట్ల బురద అని ఉన్నది, వాసన అని ఉన్నది, క్రిములు అని ఉన్నది. సీసం అన్న మాట లేదు. లేదని నాకు తెలుసు. కానీ ఉండకుంట ఎట్ల ఉంటది, ఇంత తీసేది అంత తియ్యదా అనుకున్న. ఇప్పుడు రాస్తుంటే ఇది ఆలోచన లెక్క కనపడ్తుంది గని, అప్పుడు ఆలోచన గూడ కాదు. నోరు దానంతట అదే తెరుచుకున్నది.

"అన్నీ పోతయ్ కాకా. సీసం ఓ లెక్కనా."

ఆయన నా కండ్లల్లకు చూసిండు. నేను ఆగలే, నసగలే. అదే ఆయనకు నచ్చింది. "ఒక్క పోతల చెప్పినవ్" అన్నడు. "మంచిది."

మేస్త్రి రాలే. బండలు పగలలే. నేనే పోయి వంటింటి గోడకు మిషన్ బిగించి, సరిగ్గ ఆ వంపు మీది బండ మీద నిలబడి, పిల్లకు మొదటి గ్లాసు అందించిన. నెల తర్వాత కాక మళ్ల వచ్చిండు. ఇంకా పొద్దుగాల బకెట్ పారబొయ్యాల్నా అని అడిగిండు. ఎండలు ముదిరిన రోజులు, నల్లా గంటసేపు కూడ రాకపోయేది. మిషన్ ఉన్నంక నీళ్లెందుకు వట్టిగ పొయ్యాలె కాకా, పాపం అన్న. పాపం అన్న మాట నేనే వాడిన. ఆయన మానేసిండు. ఆ ఎండకాలం గన్నేరు ఎండిపోయింది. నేను చూసిన. చెట్టు ఎండింది అనుకున్న తప్ప, ఆ ఇంట్ల ఒకే ఒక్క సరైన పనిని నేనే ఆపిన్నని అనుకోలే.

ఏడాది తిరగంగనే పాత క్యాండిల్ పట్టుకొని వచ్చిండు. పారెయ్యలే. పాలిథిన్ కవర్ల చుట్టి, ఆ కవరును ఇంకో కవర్ల పెట్టి తెచ్చిండు. కొత్తది ఒక అరచేతిల, పాతది ఇంకొక అరచేతిల పెట్టుకొని, కండ్లు మూసుకొని తూకమేసిండు. వాలిన చెయ్యి ఇంకింత వాలింది. "పాతది బరువైంది. చూసినవా, సీసం పట్టింది."

బరువు ఉంటది. తడి ఉన్నది, ఏడాది మన్ను ఉన్నది. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగ తెలువది గని, అనుమానం వచ్చేంత తెలివైతే ఉన్నది. అవును కాకా అన్న. ఆయన సంబురపడ్డడు. దీన్ని చెత్తకుప్పల ఏస్తే వానకు కరిగి ఎవరి బాయిలనో తేలుతదని, ఇంట్ల రేకు పెట్టెల దాస్తనని చెప్పిండు. పట్టుకున్న దొంగను మళ్ల ఊరు మీదికి ఇడువద్దు గదా అన్నడు. ఏటేటా ఇదే తంతు. కొత్తది ఒక చేతిల, పాతది ఒక చేతిల, కండ్లు మూసుడు, నా దిక్కు చూసి నవ్వుడు. నన్ను నీళ్ల డాక్టర్ అని పిలుసుడు షురూ జేసిండు. నలుగురిల పిలిస్తే ఛాతి ఉబ్బేది గూడ.

నాలుగో ఏడు కరీంనగర్‌ల మాలాంటి డీలర్లకు ఒక దినం క్లాసు పెట్టిండ్రు. ఏసీ హాలు, స్క్రీను, మధ్యాన్నం బిర్యాని. బోథ్ నుంచి వచ్చిన ఒకామె లేచి అడిగింది. మా దిక్కు కళాయి గిన్నెలు వాడ్తరు, కళాయిల సీసం కలుపుతరంటరు, ఈ మిషన్‌తోని పోతదా అని. చెప్పే సారు నవ్విండు. నీళ్లు మిషన్ల నుంచి బయటికొచ్చినంకనే గదమ్మా గిన్నెల పడేది, మిషన్ వెనకకొచ్చి గిన్నెను కడుగుతదా అన్నడు. హాలంత నవ్వింది. నేను గూడ నవ్విన. తర్వాత ఆయన నవ్వు ఆపి చెప్పిండు. గిన్నెకు ముందైనా సరే, ఈ రకం మిషన్‌కు సీసం చిక్కది. లైటు క్రిములను చంపుతది, సీసం క్రిమి కాదు చావడానికి. దారపు క్యాండిల్ మన్నును పట్టుకుంటది, సీసం కరిగితే దొరకది. మామూలు బొగ్గుపొడి వాసన తీస్తది, సీసానికని వేరే తయారుచేసి పరీక్షకు నిలబడ్డ బొగ్గు గడ్డ అయితే కొంత ఆపుతది, అదీ టైముకు మారిస్తే. పొర నుంచి నీళ్లను నెట్టే ఆర్వో మిషన్ చాలా మటుకు ఆపుతది, ఆ పొర బాగున్నన్ని దినాలు. కాచితే పోదు, నీళ్లు ఆవిరై సీసం ఇంకింత చిక్కబడ్తది. మీ జేబులల్ల ఉన్న పెన్ను మీటరు ఉప్పులను లెక్కజెప్తది తప్ప సీసాన్ని చూపియ్యది, దానికి ల్యాబుకే పంపాలె. ఇవన్నీ మంచిగ రాసుకున్న. నా దస్తూరి గుండ్రంగ ఉంటది.

తర్వాత బిర్యానికి లేచినం. రెండోసారి గూడ ఏయించుకున్న. దీన్ని ఎందుకు రాస్తున్నంటే, ఆ దినం ఆకలి చచ్చిపోయిందని రాస్తే బాగుండు, కానీ చావలే.

బస్సుల మాత్రం కిటికీ పక్కన కూసోని గట్టిగ అనుకున్న, రేపే పోయి చెప్పాలె అని. పోయిన గూడ. కాక వంటింట్ల కింద కూసోని స్క్రూడ్రైవర్ బండకు ఆనించి ఇంటుండు, ఆ వంపు మీది బండకే. పక్కన పిల్ల ఎక్కాల పుస్తకం పట్టుకొని ఏడో ఎక్కం కాడ ఆగిపోయి ఉన్నది. ఏడు ఆర్ల దాక వస్తుంది, ఏడు ఏడ్ల కాడ బండి దిగుతుంది. కాక రెండు చేతుల పట్టుకొని నాకు నీళ్లు తెచ్చిండు. నా మిషన్ నీళ్లు. తాగిన.

"పిల్లకు లెక్కలు ఎక్కుతలేవు" అన్నడు, పిల్లకు వినపడకుంట. "మిషన్ లేకుంటే సీసం వల్లనే అని గుబులు పట్టేది నాకు. నీ పుణ్యాన గా ఫికర్ లేదు. ఇది వట్టి బద్ధకమే, గంతే గదా?"

ఇగ చెప్పాలె. నోరు తెరిచిన. నీళ్లమ్మే మనిషిని గదా, నీళ్లు నమిలిన. కాకా, నేను నిన్న కరీంనగర్ పోయిన, అక్కడ ఒక సారు, అని అన్న. ఆగిన. గ్లాసు కింద పెట్టిన, మళ్ల తీసిన. కాక నన్నే చూస్తుండు. "ఏంది బిడ్డా? ఒక్క పోతల చెప్పు. మధ్యల ఆగితే అతుకు నిలువది."

"క్యాండిల్ మార్చే టైమైంది కాకా" అన్న.

నిజం చెప్తే నాకు నష్టం ఏం లేకుండె. ఆర్వో మిషన్ పెట్టుకో అంటే పెట్టుకునేటోడే. బేరం గూడ అయ్యేది. ఆశకు పోయి అబద్దం ఆడేటోళ్లు ఉంటరు, నేను ఆశకు గూడ ఆడలే. నీళ్ల డాక్టర్ అన్న పిలుపు పోతదని ఆడిన. తర్వాత కొన్నేండ్లకు మిషన్ మోటర్ కాలిపోతే, "అదే రకం ఇయ్యి, చేతికి అలవాటైంది అది" అన్నడు. అదే రకం ఇచ్చిన. వేరేది ఎందుకని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తదని.

మొన్న బుధారం మధ్యాన్నం పోయిన. గేటు పక్కన గన్నేరు ఉన్నచోట ఇప్పుడు బండి నిలిపే జాగ ఉన్నది. పటానికి దండం పెట్టుకున్న. పటంల గూడ ఆయన చెయ్యి కనపడకుంట ఛాతి దాకనే తీసిండ్రు. ఆ పిల్లకు ఆదిలాబాద్‌ల పెండ్లయింది, పెనిమిటి జిన్నింగ్ మిల్లుల పని. దినాలకని వచ్చింది, సంకల ఎనిమిది నెలల కొడుకు. తల్లి పనుండి ఊరికి పోయింది, ఇంట్ల ఈ ఇద్దరే. ఇంటికొచ్చినోనికి నీళ్లియ్యాలె గదా, గోడకున్న మిషన్ తిప్పి గ్లాసు నింపి తెచ్చింది. తాగిన. ఆ ఇంట్ల నేను ఎన్నడూ నీళ్లు వద్దనలే.

రేకు పెట్టె తీసింది. చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కొని ఒక్కొక్కటి బయటపెట్టింది. ప్రతి కవరు మీద సంవత్సరం రాసి ఉన్నది, కింద "సీసం. ముట్టద్దు" అని. మొదట్ల అక్షరాలు గుండ్రంగ ఉన్నయ్. చివరికి వచ్చేసరికి వాలిపోయినయ్, చెయ్యి లెక్కనే. నేను వట్టి చేతులతోని తీసుకోబోతే ఆ పిల్ల గబుక్కున వెనక్కి లాగింది. "చేతులకు ఏమన్న తొడుక్కోండ్రి అంకుల్. తాత ఎంత జాగ్రత్త పడేటోడో మీకెరుకే."

వెనక పొయ్యి మీద గిన్నెల నీళ్లు మసులుతున్నయ్. పిల్లగాడు గునుస్తుండు. ఆ పిల్ల కవర్లు తీసి చేతులు కడుక్కొని, ఉగ్గు గిన్నెల పిండి ఏసి, మసిలిన నీళ్లు వంచబోయింది. అవి ఏ నీళ్లమ్మా అని అడిగిన. మిషన్‌వే అంకుల్, కాచినయ్ అన్నది.

"ఆగు."

ఆగింది. గరిటె పట్టుకొని నా దిక్కు చూసింది. పోతపోసేటోళ్లు దమ్ము బిగబట్టినట్టు బిగబట్టి చెప్పిన. ఈ క్యాండిళ్లల్ల సీసం లేదు, మన్నున్నది. నా మిషన్ సీసాన్ని ఎన్నడూ ఆపలే. అది నీ కాళ్ల కింది బండ కిందున్న వంపుల నుంచి వస్తది, కాచితే ఇంకింత చిక్కబడ్తది, పిల్లగానికి పెట్టకు. మీ తాత ఈ బండలు పలగ్గొడ్త అంటే నేనే వద్దన్న, పొద్దటి బకెట్ పారబొయ్యద్దని గూడ నేనే అన్న. మొదట తెలువక చెప్పిన. తర్వాత తెలిసి దాసిన. మధ్యల ఆగలే. పద్నాలుగేండ్లు పట్టిన పోత, అర నిమిషంల అయిపోయింది.

ఆ పిల్ల ఉగ్గు గిన్నెను మోరి కాడికి తీస్కపోయి వంచింది. నీళ్ల గిన్నె గూడ వంచింది. పిల్లగాన్ని భుజం మార్చుకొని అడిగింది. "ఎప్పటి సంది ఎరుక మీకు?"

"నువ్వు ఏడో ఎక్కం చదివేటప్పటి సంది."

గోడకున్న మిషన్ దిక్కు చూసింది. దాని పచ్చలైటు వెలుగుతనే ఉన్నది.

"ఏడో ఎక్కం నాకు ఇప్పటికీ రాదు అంకుల్" అన్నది.

దానికి సీసమే కారణమని ఎవరూ చెప్పలేరు. కాదని గూడ ఎవరూ చెప్పలేరు. ఏడో ఎక్కం రానోళ్లు లోకంల మస్తుమంది ఉన్నరు, నా తమ్ముడే ఉన్నడు, వాని ఇంట్ల సీసం లేదు. ఇట్లాంటి మాటలన్నీ నాకు అక్కడ్నే తోచినయ్. ఒక్కటి గూడ అనలే. మొదటిసారి నోరు నా మాట విన్నది.

మర్నాడు రెండు సీసాలల్ల నీళ్లు పట్టి కరీంనగర్ ల్యాబుకు ఇచ్చినం. పొద్దుగాల తిప్పంగనే వచ్చినయ్ ఒకటి, ఒక బకెట్ పారబోసినంకయ్ ఒకటి. నా మిషన్ నుంచి పట్టినయ్ మూడో సీసాల గూడ ఇచ్చిన. మొదటిదాంట్ల ఉండాల్సినదాని కన్న ఎక్కువున్నది సీసం. బకెట్ తర్వాతి నీళ్లల్ల చాలా తగ్గింది. మిషన్ నీళ్లు లోపలికి ఎట్ల పోయినయో అట్లనే బయటికొచ్చినయ్. ఏ చదువూ లేని కాక బకెట్‌కు ల్యాబోళ్లు సంతకం పెట్టి ఇచ్చినట్టయింది. పిల్లగాని రక్తం గూడ పరీక్షకు ఇచ్చిండ్రు. వచ్చి కొన్ని దినాలే గదా, భయపడేంత లేదని డాక్టరు చెప్పిండట. తన రక్తం మాత్రం ఆ పిల్ల ఇయ్యలే. ఇప్పుడు తెలిసి ఏం జేస్త అన్నదట తల్లితోని.

సోమవారం మేస్త్రి వచ్చిండు. కాక పిలిచిన ఆ మేస్త్రి కాదు, వాని కొడుకు. మూడు బండలు తీసేసరికి వంపు కనపడ్డది. జానెడున్నది, ఎక్కడా చుక్క కారలే. కడిగి చూస్తే మలుపు లోపలి దిక్కు బొటనవేలు ఒత్తిన గుంట ఉన్నది. చెయ్యి వాలకముందు, గట్టిగున్న దినాలల్ల ఒత్తిన వేలు.

నేను పదిహేడు క్యాండిళ్లను సంచిల ఏసుకోబోయిన. పిలిచింది వాటికే గదా. ఆ పిల్ల వచ్చి సంచి నోరు మూసి పట్టుకున్నది.

"ఇవి మా తాతయ్. వీటిల ఏం లేదన్నరు గదా, ఇంట్లనే ఉంటయ్." తర్వాత తడి సీసం వంపును తీసి, పిల్లగానికి తగులకుంట చెయ్యి దూరంగ చాపి, నాకు అందించింది. "మీ సామాను ఇది."

రెండు చేతుల పట్టుకొని తీసుకున్న. అంత చిన్నది అంత బరువుంటదని అనుకోలే. ఏటేటా అరచేతిల దీని కోసమే తూకమేసేటోడు, దీన్ని మళ్ల ఒక్కసారి గూడ ముట్టకుంటనే పోయిండు. స్కూటర్ హ్యాండిల్‌కు సంచి తగిలించుకొని బయల్దేరిన. ఇంటి దాక బండి ఒక పక్కకే గుంజింది.